యాంటీబయాటిక్ వద్దని చెప్పే ముందు: ఆ మాత్ర చోట ఏమిస్తున్నాం?

మీరు అడిగింది ఇదీ. మీరు కొంతమంది కలిసి మీ ప్రాంతంలో ఆరోగ్యం గురించి అవగాహన పెంచే పని చేస్తున్నారు. జలుబు చేసినా, దగ్గు వచ్చినా, రెండు రోజులు జ్వరం కాసినా జనం వెంటనే యాంటీబయాటిక్ వేసుకుంటున్నారు. పోస్టర్లు అంటించారు, డాక్టరును పిలిచి మాట్లాడించారు, ఇలాగే వాడుకుంటూ పోతే మందులు పనిచేయని రోజు వస్తుందని హెచ్చరించారు. అందరూ శ్రద్ధగా విన్నారు, తలూపారు, తర్వాత వచ్చిన జ్వరానికి మళ్లీ అదే మాత్ర వేసుకున్నారు. ఇంకా ఏం చెప్తే మారతారన్నది మీ ప్రశ్న.

అంటువ్యాధులకు వైద్యం చేయడం, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. మనం చెప్పింది చాలక జనం మారడం లేదనుకోవడం పొరపాటు. వాళ్లకున్న ఒక్క ఆధారాన్ని వదిలేయమంటున్నాం, దాని చోట ఏమీ ఇవ్వడం లేదు. అర్ధరాత్రి ఒళ్లు కాలిపోతున్న బిడ్డ పక్కన కూర్చున్న తల్లికి ప్రపంచంలో పెరుగుతున్న మందుల నిరోధకత (బ్యాక్టీరియా మందులకు లొంగకుండా పోవడం) గురించి ఆలోచించే ఓపిక ఎక్కడుంటుంది? ఆమె మనసులో తిరిగేవి మూడే ప్రశ్నలు. ఇది ఎప్పటికి తగ్గుతుంది? అప్పటిదాకా నేనేం చేయాలి? ముదురుతోందని నాకెలా తెలుస్తుంది? వీటికి జవాబు దొరకనప్పుడు మాత్రే జవాబైపోతుంది. మీ బృందం చేయాల్సిన అసలు పని ఆ మూడు జవాబులనూ ఇంటింటికీ చేర్చడం. మిగతావన్నీ దాని తర్వాతే.

మొదటి ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. చిక్కంతా అక్కడే ఉంది.

మామూలు జలుబునే తీసుకోండి. రెండో రోజు, మూడో రోజు బాధ ఎక్కువగా ఉంటుంది. ఓపిక పట్టలేక మందు వేసుకునేది సరిగ్గా అప్పుడే. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో నెమ్మదిస్తుంది. మందు వేసుకోకపోయినా అప్పటికే నెమ్మదించేది, శరీరం వైరస్‌ను అదుపులోకి తెచ్చుకునే సమయం అదే. కానీ ఆ మనిషికి కనిపించిన వరుస ఏమిటి? జబ్బు చేసింది, మాత్ర వేసుకున్నాను, తగ్గింది. ప్రతి జలుబుకీ ఇలాగే జరుగుతుంది. ఇన్నిసార్లు తన ఒంటి మీద తాను చూసుకున్నదాన్ని ఒక పోస్టరు చూసి తప్పని ఎవరు ఒప్పుకుంటారు? అందుకే 'యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు' అన్న మాట నిజమే అయినా ఎవరి నమ్మకాన్నీ కదిలించదు. ఈ మందుల్లో చాలావరకు బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడ కట్టుకోకుండా అడ్డుపడతాయి, లేదా అది ప్రోటీన్లు తయారుచేసుకునే ఏర్పాటును చెడగొడతాయి. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ ఏర్పాటూ లేదు. ఈ వివరణ అడిగినవాళ్లకు చెప్పండి. అడగనివాళ్లకు మాత్రం రోజుల లెక్క చెప్పండి.

ఆ లెక్క ఇలా ఉంటుంది. మామూలు జలుబు వారం నుంచి పది రోజులు. గొంతు నొప్పి దాదాపు వారం. పిల్లల చెవిపోటు చాలావరకు మూడు రోజుల్లో, ఒక్కోసారి వారానికి తగ్గుతుంది. ముక్కు దిబ్బడతో, ముఖం బరువుతో వేధించే సైనస్ బాధ రెండు మూడు వారాలు ఉండొచ్చు. దగ్గు దగ్గరే అందరూ లెక్క తప్పుతారు. జలుబుతో మొదలైన దగ్గు సగటున 18 రోజుల దాకా ఉంటుందని, జనం మాత్రం అది వారం నుంచి తొమ్మిది రోజుల్లో పోవాలనుకుంటారని 2013లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. మధ్యలో మిగిలిన ఆ పదిరోజుల తేడాలోనే ఎన్నో అనవసరపు కోర్సులు నడుస్తాయి. ఎనిమిదో రోజున ఒక మందు, అది పనిచేయలేదని పన్నెండో రోజున ఇంకా పెద్ద మందు, పద్దెనిమిదో రోజుకు దగ్గు దానంతటది పోతే పేరంతా ఆ రెండో మందుకు. 'దగ్గు మూడు వారాలు ఉండొచ్చు, రోజురోజుకీ కొంచెం కొంచెం తగ్గుతుంటే కంగారు లేదు' అని ముందే విన్న మనిషి ఎనిమిదో రోజున మందుల షాపుకు వెళ్లడు. మీ పోస్టరు మీద ఒక్క వాక్యానికే చోటుంటే ఈ వాక్యం రాయండి.

కఫం రంగు సంగతి కూడా దీనికి జోడించండి. చీమిడి పచ్చగా మారితే బ్యాక్టీరియా వచ్చినట్టేనని చాలామంది నమ్ముతారు. ఆ పచ్చదనం మన తెల్ల రక్తకణాల్లో ఉండే ఒక ఎంజైము వల్ల వస్తుంది. వైరస్‌తో పోరాడుతున్నప్పుడు కూడా అది పుడుతుంది. రంగును బట్టి మాత్ర మొదలుపెట్టడానికి లేదు.

రెండో ప్రశ్న, ఈలోగా ఏం చేయాలి? 'ఏమీ చేయక్కర్లేదు, అదే తగ్గిపోతుంది' అన్నది వైద్యపరంగా ఒప్పే కావచ్చు, మనిషికి మాత్రం అది గాయం. బాధపడుతున్నవాళ్లకు చేతినిండా పని కావాలి. జ్వరానికీ నొప్పులకూ పారాసెటమాల్, బరువును బట్టి, వయసును బట్టి సరైన మోతాదులో. ఎక్కువ నీళ్లు, పల్చటి ద్రవాలు, విశ్రాంతి. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు. ఏడాది దాటిన పిల్లలకు రాత్రి దగ్గు ఉపశమనానికి చెంచాడు తేనె. ఏడాది లోపు వాళ్లకు తేనె ఇవ్వకూడదు, ఆ వయసులో బొట్యులిజం అనే, కండరాలు చచ్చుబడేలా చేసే అరుదైనా ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. నీళ్ల విరేచనాలకు ఓఆర్ఎస్, పిల్లలకు దాంతోపాటు జింక్. చాలావరకు విరేచనాలకు అవసరమైన వైద్యం ఇదే, యాంటీబయాటిక్ కాదు. ఇవన్నీ మీకు చిన్న విషయాల్లా కనిపించవచ్చు. కానీ 'ఏ మందూ రాయలేదు' అనుకుంటూ ఇంటికెళ్లిన మనిషికీ, 'ఇవి చేయమన్నారు' అనుకుంటూ వెళ్లిన మనిషికీ మధ్య చాలా తేడా ఉంటుంది.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం, చాలా ప్రచారాలు దాన్ని మరిచిపోతాయి. యాంటీబయాటిక్ చెడ్డదని జనం మనసులో నాటుకుపోతే, నిజంగా అవసరమైనప్పుడు ఆలస్యం చేస్తారు. న్యుమోనియా, మెదడు పొరల వాపు, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి), టైఫాయిడ్, క్షయ, సిఫిలిస్, కిడ్నీ దాకా పాకిన మూత్రనాళ ఇన్ఫెక్షన్, వీటిలో యాంటీబయాటిక్ ప్రాణం నిలబెట్టే మందు. సెప్సిస్‌లో అయితే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. గొంతు నొప్పుల్లో కూడా ఎక్కువ భాగం వైరస్‌వే అయినా, స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చినదాన్ని వదిలేస్తే కొందరు పిల్లల్లో కీళ్లవాతంలా మొదలై గుండె కవాటాలను దెబ్బతీసే జబ్బుగా మారుతుంది. కాబట్టి 'గొంతు నొప్పికి యాంటీబయాటిక్ వద్దు' అని ఒకే ముక్కలో ఎవరికీ చెప్పకండి.

చెప్పాల్సింది ప్రమాద సూచనలు. మూడు నెలల లోపు పసికందుకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ తాకితే అదే రోజు, అదే గంటలో డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఇంట్లో వేచి చూడకూడదు. ఏ వయసు పిల్లలైనా ఆయాసపడుతున్నా, ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉండి పలకకపోయినా ఆగొద్దు. మెడ బిగుసుకుపోవడం, గ్లాసుతో నొక్కి చూసినా రంగు మారని ఎర్రటి మచ్చలు, మలంలో రక్తం, లాలాజలం కూడా మింగలేనంత గొంతు నొప్పి, జ్వరంతో పాటు నడుం పక్కన నొప్పీ మూత్రంలో మంటా, మూడు రోజులు దాటినా దిగని జ్వరం, అన్నిటికీ ఆసుపత్రే. ఇంకో సూచన జనానికి బొత్తిగా తెలియదు: తగ్గుముఖం పట్టిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం. వైరస్ తర్వాత బ్యాక్టీరియా చేరినప్పుడు తరచూ ఇలాగే కనిపిస్తుంది. వృద్ధులు, గర్భిణులు, షుగరు ఉన్నవాళ్లు, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్ల విషయంలో ఇంకా ముందే కదలాలి. ఈ సూచనలన్నీ ఒక చిన్న కాగితం మీద, బొమ్మలతో, చదవలేనివాళ్లకూ అర్థమయ్యేలా వేయించండి. ఒకటి గుర్తుంచుకోండి, ప్రమాద సూచనలు తెలిసిన తల్లే ధైర్యంగా వేచి చూడగలుగుతుంది. తెలియనప్పుడు వేచి ఉండమనడం ఆమెను చీకట్లో నిలబెట్టడమే అవుతుంది.

ఇప్పుడు మీ హెచ్చరికలు ఎందుకు ఎక్కలేదో చూద్దాం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 12 దేశాల్లో సర్వే చేసింది. 64 శాతం మంది జలుబుకూ ఫ్లూకూ యాంటీబయాటిక్ పనిచేస్తుందన్నారు. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది ఇంకో అంకె. మందులకు అలవాటుపడి లొంగకుండా పోయేది తమ శరీరమేనని 76 శాతం మంది నమ్ముతున్నారు. అలా నమ్మే మనిషి ఏమనుకుంటాడు? 'నేను యాంటీబయాటిక్ ఎప్పుడో గానీ వాడను, కాబట్టి నాకేం కాదు.' మన హెచ్చరిక ఎప్పుడూ పక్కింటివాళ్లకే వర్తిస్తున్నట్టు వినిపిస్తుంది. నిరోధకత వచ్చేది మన శరీరానికి కాదు, మన ఒంటి మీదా పేగుల్లోనూ బతికే బ్యాక్టీరియాకు. ఒక కోర్సు వాడినప్పుడు లొంగేవన్నీ చచ్చిపోతాయి, లొంగనివి కొన్ని మిగిలి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. తమ లక్షణాన్ని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా పంచగలవు. చేతుల ద్వారా, మరుగుదొడ్ల ద్వారా, నీటి ద్వారా ఇంట్లో మిగతావాళ్లకు చేరతాయి. జీవితంలో ఒక్క మాత్ర కూడా వాడని పసిబిడ్డకు లొంగని ఇన్ఫెక్షన్ రావడం ఇలాగే సాధ్యమవుతుంది.

'భవిష్యత్తులో మందులుండవు' అనేదానికి బదులు వ్యక్తికి దగ్గరగా ఉన్న నిజం చెప్పండి. ఒక యాంటీబయాటిక్ కోర్సు తర్వాత ఆ మనిషి ఒంట్లో లొంగని బ్యాక్టీరియా ఉండే అవకాశం పెరుగుతుంది. ఆ ప్రభావం మొదటి నెలలో ఎక్కువగా ఉండి, ఏడాది వరకూ కొనసాగవచ్చని 2010లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష తేల్చింది. అంటే, ఈ నెల జలుబుకు అనవసరంగా వేసుకున్న మందు రాబోయే నెలల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు అదే మనిషికి, ఇంకెవరికో కాదు, అక్కరకు రాకుండా పోవచ్చు. దీంతోపాటు విరేచనాలు, దద్దుర్లు, నోటిలోనో యోనిలోనో ఫంగస్, అరుదుగా ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ, క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిలే అనే బ్యాక్టీరియా వల్ల పేగులకు వచ్చే తీవ్రమైన వాపు. ప్రపంచస్థాయి అంకె కావాలంటే అదీ ఉంది. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఈ అంకెను అధికారులతో మాట్లాడేటప్పుడు వాడండి. ఇంట్లో మాట్లాడేటప్పుడు వచ్చే నెల మూత్ర ఇన్ఫెక్షన్ సంగతే పనిచేస్తుంది.

ఇక డాక్టర్ల వైపు. జనాన్ని మాత్రమే మార్చాలని చూస్తే సగం పనే అవుతుంది. గది లోపల జరిగేది చాలాసార్లు ఒకరినొకరు తప్పుగా అర్థం చేసుకోవడమే. పేషెంటు యాంటీబయాటిక్ కోరుకుంటున్నాడని డాక్టరు అనుకుంటాడు, రాయకపోతే ఇంకో చోటికి వెళ్లిపోతాడని భయపడతాడు. పేషెంటుకు నిజానికి కావాల్సింది తనను సరిగ్గా పరీక్షించడం, ప్రమాదం లేదన్న భరోసా. తల్లిదండ్రులు నిజంగా ఆశించినదాని కంటే, వాళ్లు ఆశిస్తున్నారని డాక్టరు ఊహించుకున్నదే ప్రిస్క్రిప్షన్‌ను నిర్ణయిస్తుందని పిల్లల వైద్యుల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. దీనికి విరుగుడు పేషెంటు నోట్లోనే ఉంది. మీ బృందం ప్రతి ఇంట్లో ఒక చిన్న మాట నేర్పండి: 'డాక్టర్ గారూ, యాంటీబయాటిక్ అవసరం లేకపోతే రాయకండి, మేం ఏమీ అనుకోం. ఏం గమనించాలో చెప్పండి చాలు.' ఈ మాట విన్న డాక్టరు మొహంలో కనిపించే ఊరట నాకు తెలుసు, ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను.

డాక్టర్లతో మీకు పరిచయం ఉంటే ఇంకో రెండు పనులు చేయించవచ్చు. ఒకటి, లాస్ ఏంజెలెస్ క్లినిక్‌లలో జరిగిన ప్రయోగం. అనవసరంగా యాంటీబయాటిక్ రాయనని డాక్టరు తన ఫొటోతో, సంతకంతో ఒక పెద్ద పత్రం గది గోడకు పెట్టుకున్నాడు. అంతే చేశారు. ఆ పత్రం లేని గదులతో పోలిస్తే అనవసరపు ప్రిస్క్రిప్షన్లు సుమారు 20 శాతం పాయింట్లు తగ్గాయి. ఈ ఫలితాలు 2014లో వచ్చాయి. రెండోది, డాక్టరు ప్రిస్క్రిప్షన్ రాసిస్తూనే 'ఇప్పుడే వాడొద్దు, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, ఎక్కువైనా అప్పుడు మొదలుపెట్టండి' అని చెప్పే పద్ధతి. గొంతు నొప్పి, చెవిపోటు లాంటి వాటిలో ఇలా చేస్తే చివరికి మందు వాడేది సుమారు మూడో వంతు మందే. తృప్తి విషయంలో వెంటనే మందు ఇచ్చినవాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. చేతిలో కాగితం ఉందన్న ధైర్యమే చాలామందికి సరిపోయింది. మందుల షాపులో ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వడం గురించి కూడా అడుగుతారని తెలుసు. ఫార్మసిస్టును నిందితుడిలా నిలబెట్టకండి. తను కాదంటే పక్క షాపులో ఇస్తారన్నది అతని టెన్షన్. ప్రాంతంలోని షాపులవాళ్లందరినీ ఒకేసారి కూర్చోబెట్టి ఒప్పించండి, ప్రమాద సూచనల కాగితం కౌంటరు దగ్గర అతని చేతే ఇప్పించండి.

ఊరికే ప్రచారం పనిచేయదని నిరాశపడాల్సిన పని లేదు. ఫ్రాన్స్‌లో 2002లో మొదలైన కార్యక్రమం చలికాలాల్లో జనానికీ డాక్టర్లకూ ఒకేసారి నడిచింది, ఐదేళ్లలో యాంటీబయాటిక్ ప్రిస్క్రిప్షన్లు నాలుగో వంతుకు పైగా తగ్గాయి, పిల్లల్లో ఇంకా ఎక్కువగా. థాయిలాండ్‌లో 2007లో మొదలైన కార్యక్రమం అన్ని జబ్బుల జోలికీ పోలేదు. జలుబు గొంతు నొప్పులు, విరేచనాలు, చిన్న గాయాలు, ఈ మూడింటినే పట్టుకుంది. అద్దంలో తమ గొంతు తామే చూసుకోవడం జనానికి నేర్పారు. ఆ ఆలోచన నాకు చాలా నచ్చుతుంది, మనిషిని వినేవాడిగా కాకుండా చూసి తేల్చుకునేవాడిగా నిలబెడుతుంది. మీరు కూడా మూడుకు మించి జబ్బులు పెట్టుకోకండి.

వాడాల్సి వచ్చినప్పుడు ఎలా వాడాలన్నది వేరే పాఠం. ఎన్ని పూటలు, ఎన్ని గంటలకోసారి, తిన్నాకా ముందా అన్నది అడిగి రాయించుకోవాలి. ఇంకొకరికి రాసిన మందు, పోయినసారి మిగిలిన మందు వాడకూడదు. మిగిలినవి ఇంట్లో దాచొద్దు, సింకులో పారబోయొద్దు, వెనక్కి తీసుకునే షాపుంటే అక్కడ ఇచ్చేయాలి. కోర్సు సంగతిలో మాత్రం మీ పోస్టర్లను కొంచెం సరిచేసుకోండి. 'కోర్సు పూర్తి చేయకపోతే నిరోధకత వస్తుంది' అని దశాబ్దాలుగా చెప్తున్నాం. దీనికి ఆధారాలు బలంగా లేవని 2017లో బ్రిటిష్ నిపుణులు గట్టిగా వాదించారు. అవసరానికి మించి ఎక్కువ రోజులు వాడటమే నిరోధకతను పెంచుతుంది, మామూలు న్యుమోనియా లాంటి చాలా ఇన్ఫెక్షన్లకు పాత పది రోజుల చోట ఐదు రోజులు చాలని తేలింది. అలాగని ఎవరికి వారే ఆపేయడం ప్రమాదం. క్షయలో మధ్యలో ఆపితే నిరోధకత నిజంగానే వస్తుంది, స్ట్రెప్టోకాకస్ గొంతు ఇన్ఫెక్షన్‌కు పూర్తి రోజులు అవసరం. అందుకని జనానికి చెప్పాల్సిన మాట ఇదీ: 'డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి, అంతకంటే తక్కువా వద్దు, ఎక్కువా వద్దు. త్వరగా తగ్గిపోతే ఆపొచ్చా అని డాక్టరునే అడగండి.'

పెన్సిలిన్ పడదని చెప్పుకునేవాళ్లలో పది మందిలో తొమ్మిది మందికి పరీక్ష చేస్తే అలర్జీ లేదని తేలుతుంది. చిన్నప్పుడెప్పుడో వచ్చిన దద్దుర్లను బట్టి పడిన ముద్ర అది. ఆ ముద్ర వల్ల జీవితాంతం పెద్ద మందులు వాడాల్సి వస్తుంది. పరీక్ష చేయించుకోమని చెప్పండి, తమంతట తాము వేసుకుని చూడమని మాత్రం కాదు.

అన్ని యాంటీబయాటిక్‌లూ ఒకటి కాదన్నది ఆరోగ్య కార్యకర్తలకు తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి వీటిని యాక్సెస్, వాచ్, రిజర్వ్ అని మూడు వర్గాలుగా చూపిస్తోంది. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, సెఫలెక్సిన్ మొదటి వర్గం, మామూలు ఇన్ఫెక్షన్లకు ముందు వాడాల్సినవి. అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ రెండో వర్గం, నిరోధకత పెరిగే ముప్పు ఎక్కువ. కొలిస్టిన్, లినజోలిడ్ లాంటివి మూడోది, ఇంకేవీ పనిచేయనప్పుడే. దేశాలన్నీ 2030 నాటికి వాడకంలో 70 శాతమైనా మొదటి వర్గం మందులే ఉండేలా చూడాలని 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో ఒప్పుకున్నాయి. జలుబుకు అజిత్రోమైసిన్ తెచ్చుకునే మనిషి ఒకేసారి రెండు తప్పులు చేస్తున్నాడని మీ కార్యకర్తకు అర్థమైతే, ఎక్కడ ఎక్కువ గట్టిగా చెప్పాలో తనే తెలుసుకుంటుంది.

పశువులు, కోళ్లు పెంచేవాళ్లు మీ ప్రాంతంలో ఉంటే వాళ్లనూ కలపండి. త్వరగా బరువు పెరగడానికి దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని స్వీడన్ 1986లోనే ఆపేసింది, ఐరోపా సమాఖ్య 2006 నుంచి పూర్తిగా నిషేధించింది. జబ్బు చేసిన జంతువుకు పశువైద్యుడి సలహాతో వాడటం, మందు ఇచ్చాక పాలు, మాంసం, గుడ్లు అమ్మకుండా ఆగాల్సిన రోజులు పాటించడం, ఈ రెండూ చాలు మొదటికి.

జబ్బే రాకపోతే మందు ప్రసక్తే ఉండదు కదా. కరాచీలో చేసిన ఒక ప్రయోగంలో సబ్బుతో చేతులు కడుక్కోవడం నేర్పిన ఇళ్లలో ఐదేళ్లలోపు పిల్లలకు న్యుమోనియా దాదాపు సగానికి తగ్గింది, విరేచనాలూ అలాగే. 2005లో ఆ ఫలితాలు వచ్చాయి. న్యుమోకోకస్, హిబ్ (ఈ రెండూ న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాలు), ఫ్లూ, తట్టు టీకాలు కూడా ఇదే పని చేస్తాయి. టీకాల లిస్టును మీ యాంటీబయాటిక్ కార్యక్రమంలో భాగంగానే చూడండి, వేరే కార్యక్రమం అనుకోకండి.

చివరగా, ఎక్కడ మొదలుపెట్టాలి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లతో, జలుబుల కాలం మొదలవడానికి ఒక నెల ముందు. ఉపన్యాసాలు పక్కన పెట్టి మనుషులను పెట్టండి. ఎవరింట్లోనైనా బిడ్డకు జ్వరమని తెలిస్తే ఆ వీధి కార్యకర్త ఆ రోజే వెళ్లి కాగితం చూపించి రోజుల లెక్క చెప్పాలి, మూడో రోజున మళ్లీ వెళ్లి గానీ ఫోన్ చేసి గానీ 'ఎలా ఉంది?' అని అడగాలి. ఆ మూడో రోజు పలకరింపును ఎంత ఖర్చయినా వదలకండి. డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవాల్సిన కుటుంబం ముందుజాగ్రత్తగా మాత్ర కొనేస్తుంది. మళ్లీ ఎవరో వచ్చి చూస్తారన్న నమ్మకం ఉంటే ఆగుతుంది.

ఫలితం కొలవడానికి 'యాంటీబయాటిక్ గురించి మీకేం తెలుసు' అని అడగొద్దు, సరైన జవాబులే వస్తాయి. 'పోయినసారి బిడ్డకు జలుబు చేసినప్పుడు ఏం చేశారు, ఏ మందు వేశారు, ఎవరిచ్చారు, మిగిలింది ఏం చేశారు' అని అడగండి. మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి. దాని పక్కనే ఇంకో లెక్క తప్పకుండా రాయండి: ప్రమాద సూచనలు కనిపించిన పిల్లలు ఎంతమంది, వాళ్లలో అదే రోజు ఆసుపత్రికి చేరింది ఎంతమంది. జలుబుకు యాంటీబయాటిక్ వేసిన ఇళ్ల లెక్క తగ్గుతూ, ప్రమాద సూచనలున్న పిల్లల్లో అదే రోజు ఆసుపత్రికి చేరినవాళ్ల వంతు పెరుగుతుంటే మీ పని సరైన దారిలో ఉంది. ఆ వంతు కూడా తగ్గిందంటే ప్రచారం అక్కడే ఆపి, ముందు ప్రమాద సూచనల కాగితాన్ని మళ్లీ ఇంటింటికీ తీసుకెళ్లండి.